నాలుగు చెంచాల పంచదార

“నోరు బాగా తెరువు. రేపు నీ భార్యని చంపాల్సి రావచ్చు.”

పళ్ళ డాక్టరు ఈ రెండు మాటలనూ ఒకే గొంతుతో అన్నాడు. కుర్చీలో పడుకున్న ఏజెంటు నోట్లో అప్పటికే ఒక చిన్న అద్దం, ఒక సక్షన్ గొట్టం, రెండు దూది ఉండలు ఉన్నాయి. అంత సామాను నోట్లో ఉన్న మనిషి ఎదురు ప్రశ్న వేయలేడు. డాక్టరు తన ఏజెంట్లకు బ్రీఫింగ్ ఈ కుర్చీలోనే ఇవ్వడానికి అసలు కారణం అదే.

బయట డెంటల్ క్లినిక్ అని బోర్డు ఉంటుంది. నిజంగానే పళ్ళు పీకుతారు, నిజంగానే బిల్లు కూడా వేస్తారు. రిసెప్షన్‌లో “ఏ పన్ను?” అని అడిగినప్పుడు “ఇంకా రాని పన్ను” అని చెప్పినవాళ్ళకు మాత్రం వెనక గది తలుపు తెరుచుకుంటుంది. ఆ గదిలోంచి డాక్టరు గూఢచార శాఖలో ఒక విభాగాన్ని నడుపుతాడు.

కుర్చీలో ఉన్న ఏజెంటు కోడ్ నేమ్ నత్త. ఎప్పుడూ పరిగెత్తడు, ఎక్కడికైనా చేరతాడు. భార్య వెళ్ళిపోయాక పూర్తిగా గుల్లలోకి ముడుచుకున్నాడు గనుక పేరు ఇప్పుడు ఇంకా బాగా కుదిరిందని ఆఫీసులో వెనకాల అనుకునేవారు. ఆ మాట అతని చెవిన పడింది కూడా. పట్టించుకోలేదు.

“టార్గెట్, ‘ఆరో వేలు’ ముఠా,” అన్నాడు డాక్టరు, డ్రిల్లుకి సూది బిగిస్తూ. “విదేశీ ముఠా. రంగుల ఫ్యాక్టరీ అని బోర్డు పెట్టుకున్నారు. ముందు షెడ్డులో రంగులే చేస్తారు. వెనక షెడ్డులో బాంబుల మందు. మన రైలు వంతెనలకి, మన సినిమా హాళ్ళకి. లారీల్లోకి ఎక్కించేశారు కూడా. మనమే వెళ్ళి పట్టుకోవచ్చు కదా అనబోతున్నావు. ఆ స్థలం వాళ్ళ దేశపు రాయబార కార్యాలయం పేరు మీద ఉంది. గేటు దాటితే మన చట్టం చెల్లదు. వెళ్ళగలిగింది ఒక్క అంతర్జాతీయ తనిఖీ బృందమే. వాళ్ళు రేపు పొద్దున వస్తున్నారు.”

డ్రిల్లు గుర్రుమంది. నత్త కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

“మత్తు ఇవ్వడం లేదు, ఏమనుకోకు. బడ్జెట్‌లో కోత పడింది. తనిఖీవాళ్ళు ఆవరణలో మట్టి తీసి మెషిన్‌లో పెడతారు. మందు తయారైన చోట నైట్రో సమ్మేళనాలు నేలలోకి ఇంకిపోతాయి. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. అవి దొరికితే ఫ్యాక్టరీ మూత. దొరక్కపోతే క్లీన్ సర్టిఫికెట్, లారీలకి సీలు. సీలు పడ్డ లారీని ఏ చెక్‌పోస్టులోనూ తెరవరు. తనిఖీ అంటే వాళ్ళు వణకాలి. వణకడం లేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. ఎందుకో తెలుసు కదా?”

తెలుసు. నత్త కళ్ళు మూసుకున్నాడు.

“మీ మామగారి బాక్టీరియా వాళ్ళ దగ్గరుంది. ఆ విషాన్ని తిని మట్టిని శుభ్రం చేసేవి. డ్రమ్ములకొద్దీ పెంచి నేలంతా చల్లుతున్నారు. పెంచుతున్నది మీ ఆవిడ. ముఠాలో ఆమె పేరు మఖమల్. పట్టుచీరలు, నల్ల కళ్ళజోళ్ళు, హోదా. మన ఫైలులో ఆమె పక్కన ‘డబుల్ ఏజెంట్’ అని రాసుంది, ఎవరి తరఫున అనే చోట ఖాళీగా ఉంది. ఆమెని మేం పంపలేదు. అది నీకు నేను ప్రమాణం చేసి చెబుతున్నాను.”

తర్వాతి సంగతి డాక్టరు కొంచెం మెల్లగా చెప్పాడు. నత్త తనిఖీ బృందంలో మట్టి తీసే టెక్నీషియన్ వేషంలో వెళ్ళాలి. ఒక పెన్ను ఇస్తారు, దాన్ని కల్చర్ షెడ్డులో వదిలి రావాలి. దవడ పన్నుకి తొడిగిన కొత్త క్యాప్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. గట్టిగా కొరికితే పెన్ను మండుతుంది, షెడ్డు మండుతుంది. నిప్పు అంటుకున్న చోట తనిఖీ జరపకూడదని రూలు. వాయిదా పడుతుంది, సీలు పడదు. ప్రస్తుతానికి అదే గెలుపు.

“ఆమె రోజంతా ఆ షెడ్డులోనే ఉంటుంది,” అన్నాడు డాక్టరు. “నిన్ను పంపాలని నాకేం సరదా లేదు. మట్టి తీయడం సరిగ్గా వచ్చిన ఏజెంటు నువ్వొక్కడివే. మామగారు నేర్పారు కదా. ఇప్పుడు పుక్కిలించి ఉమ్మెయ్.”

*

నత్త ఆ మధ్యాహ్నం మామగారి దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. వెళ్ళకుండా ఉండలేకపోయాడు.

పెద్దాయన రిటైరయ్యాక కూడా మట్టి పరిశోధన కేంద్రం వాళ్ళు ఆయనకు ఒక గది వదిలేశారు. అందులో గాజు ఫ్లాస్కులను అటూ ఇటూ ఊపే షేకర్ ఒకటి ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. గదంతా తడి మట్టి వాసన. కూతురు వెళ్ళిపోయిన రోజున ఫ్రీజరులో దాచుకున్న ట్యూబులన్నీ తీసుకుపోయింది, ఒక్కటీ మిగల్చలేదు. అప్పటినుంచి ఆయన మళ్ళీ మొదటినుంచి వెతుకుతున్నాడు. పాత రంగుల గుంతల్లోంచి మట్టి తెచ్చుకోవడం, నీళ్ళలో కలపడం, విషం తప్ప ఇంకో తిండి లేకుండా ఫ్లాస్కులో పెట్టి ఏది బతుకుతుందో చూడడం. ఏదీ బతకడం లేదు.

“ఏమయ్యా అల్లుడూ, దవడ వాచింది. ఎవరితోనైనా తగువుపడ్డావా?”

“పన్ను బాగు చేయించుకున్నాను మామయ్యా.”

“అయితే వేడిగా తాగకు. ఆరనిచ్చి ఇస్తాను.”

టీ ఇచ్చాడు. ఎప్పటిలాగే పంచదార లేదు. ఆయన ఇంట్లో కూడా పంచదార డబ్బా అనే వస్తువే లేదు. పెళ్ళిచూపులకని మొదటిసారి వెళ్ళినప్పుడు నత్త అమాయకంగా పంచదార అడిగాడు. తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. “మా ఇంట్లో బాక్టీరియాకి పెట్టనిది అల్లుళ్ళకీ పెట్టరు,” అంది ఆ అమ్మాయి. ఆమె గోళ్ళ కింద మట్టి ఉంది. నత్త ఆ గోళ్ళను చూస్తూ చేదు టీ మొత్తం తాగేశాడు. అతను మనసు పారేసుకున్నది ఆ కప్పులోనే.

ఆ తర్వాత పెద్దాయన అతనికి ఈ విద్య అంతా నేర్పాడు. కొత్త అల్లుడికి ఇంటి సంగతులు చెప్పినట్టే చెప్పాడు. ఆరు కర్బన అణువులు చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా నిలబడితే అదొక వలయం. దానికి నైట్రో గుంపులు తగులుకుంటే విషం, మరీ ఎక్కువైతే బాంబు. ఆ వలయం మహా మొండిది, ఊరికే విడిపోదు. మట్టిలో ఉండే ఈ బాక్టీరియా, పురుగు కూడా కాని పురుగు, ముందు ఒక ఎంజైమ్‌ని వదులుతుంది. గాలిలోని ఆక్సిజన్‌ని తెచ్చి వలయానికి అంటిస్తుంది. అంటించగానే నైట్రో గుంపు వదులైన బొత్తాంలా ఊడి పడుతుంది. తర్వాత ఇంకో ఎంజైమ్ వచ్చి వలయాన్ని ఒక చోట తెంచుతుంది. తెగిన వలయం ఇక విషం కాదు, అన్నం. తినేస్తుంది.

“కానీ ఆ ఎంజైమ్ చేసే విద్య దాని ఒంట్లో పుట్టింది కాదు,” అనేవాడు పెద్దాయన. “ప్లాస్మిడ్ అని చిన్న మూటలో మోసుకు తిరుగుతుంది. మూట బరువు. విషం తప్ప తిండి లేనప్పుడు మొయ్యక తప్పదు. పంచదార పెట్టావనుకో, మూట దించేసినవి హాయిగా పిల్లల్ని కంటాయి, మోసేవి వెనకబడతాయి. కొన్నాళ్ళకి ఫ్లాస్కు నిండా బొద్దుగా, తెల్లగా, ఏ పనీ చేతకానివే మిగులుతాయి. అందుకే పంచదార మాట ఎత్తొద్దంటాను.”

ఇవాళ ఆయన ఆ పాఠం చెప్పలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. కూతురి పేరు వాళ్ళిద్దరి మధ్య చాలాకాలంగా రావడం లేదు. రేపు ఏం చేయబోతున్నాడో చెప్పడానికి నత్తకు నోరు రాలేదు. లేచి వస్తుంటే పెద్దాయన అతని భుజం మీద చెయ్యేసి, “నువ్వు మాత్రం వస్తూ ఉండు బాబూ,” అన్నాడు. నత్త తల ఊపి, రోడ్డు మీదికి వచ్చాక ఏడ్చాడు.

*

రంగుల ఫ్యాక్టరీ ఆవరణ చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తాళ్ళ మీద ఎరుపు, ఆకుపచ్చ నూలు కట్టలు ఆరుతున్నాయి. గోడ వారగా సరుకు లారీలు టార్పాలిన్లు కప్పుకుని వరసగా నిలబడ్డాయి. షెడ్ల మధ్య నేల పసుపు పచ్చగా ఉంది, తెల్లవారుజామున చల్లిన ఆఖరి డ్రమ్ముల తడి ఇంకా ఆరలేదు.

తనిఖీ బృందానికి పెద్ద ఒక పొడుగాటి అధికారిణి. నమ్మకం అనే జబ్బు ఆమెకు ఎప్పుడూ రాలేదు. గొడుగు కింద బల్ల వేయించి, మెషిన్ పెట్టించి, బృందంలోని ముసలి టెక్నీషియన్ వైపు వేలు చూపించింది. నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు, చెవిలో వినికిడి మెషిన్, కొంచెం కుంటి నడక. నత్త వేషానికి డాక్టరు చాలా శ్రద్ధ తీసుకున్నాడు. వినికిడి మెషిన్‌లో వినిపించేది కూడా డాక్టరు గొంతే.

“లోపలికి వచ్చావు. గుడ్. కంగారు పడకు.”

ఫ్యాక్టరీ మేనేజరు పూల చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడూ అవే వేస్తాడు కాబట్టి ముఠాలోనూ, పోలీసు ఫైళ్ళలోనూ అతని పేరు పూలచొక్కానే. మహా మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని, “మా దగ్గర దాచేది ఏముందమ్మా, రంగులు తప్ప,” అంటున్నాడు.

కల్చర్ షెడ్డు తలుపు తెరుచుకుని ఆమె మెట్లు దిగింది. ఆకుపచ్చ పట్టుచీర, దాని మీద తెల్ల కోటు, నల్ల కళ్ళజోడు, ఎత్తు మడమల చెప్పులు, గోళ్ళకి ఎర్ర రంగు. నత్త వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. పని చేతిలో ఉంటే మొహం దాచుకోవడం తేలిక.

తప్పు అక్కడే జరిగింది. తవ్విన మట్టిని డబ్బాలో వేసేముందు అతను చిటికెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మామగారి దగ్గర మట్టి ముట్టిన ప్రతివాళ్ళకీ ఆ అలవాటు అంటుకుంటుంది. బతికున్న మట్టి ఒక వాసన, చచ్చిన మట్టి ఒక వాసన. ప్రపంచంలో ఇంకే టెక్నీషియనూ విషపు నేలని ముక్కు దగ్గర పెట్టుకోడు.

తలెత్తి చూస్తే ఆమె కళ్ళజోడు అతని వైపే ఉంది. ఒక్క క్షణం. తర్వాత పక్కకు తిరిగింది.

“చిత్రంగా ఉందే,” అన్నాడు పూలచొక్కా నవ్వుతూ. “మట్టిని ఇలా వాసన చూసేవాళ్ళని ఇంకొకళ్ళని చూశాను నేను.” నవ్వు ఆపకుండానే ఆమె వైపు చూశాడు.

“మట్టి పనివాళ్ళందరూ చూస్తారు,” అంది ఆమె. “రండి పెద్దాయనా, షెడ్డు కూడా చూడాలన్నారుగా.”

షెడ్డులో నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. మూత తీస్తే లోపల చిక్కటి తెల్లటి ద్రవం. బల్ల మీద గాజు పళ్ళాల్లో బాక్టీరియా చుక్కలు నీలంగా మెరుస్తున్నాయి. ఎంజైమ్ ఉన్న బాక్టీరియాకి ఇండోల్ అనే పదార్థం చూపిస్తే అలా నీలం తిరుగుతుంది, ఆ విద్య ఉందని గుర్తు. ఆ నీలం చూపిస్తే చాలు పూలచొక్కా తృప్తిపడేవాడు. బాంబులు చేసేవాళ్ళు అతనికి కావలసినంతమంది ఉన్నారు గానీ మట్టిని చదవగలిగిన మనిషి ఈమె ఒక్కతే. పరీక్ష చేసేదీ ఆమే, ఫలితం చెప్పేదీ ఆమే.

కాపలావాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. నత్త డ్రమ్ము మీద సంఖ్య రాసుకుంటున్నట్టు వంగి, పెన్నుని బల్ల అంచున వదిలేశాడు. ఆమె కెటిల్ దగ్గర ఉంది. చూడలేదనే అనుకున్నాడు.

“టీ తాగుతారా?”

“పంచదార వద్దమ్మా,” అన్నాడు నత్త ముసలి గొంతుతో.

ఆమె వినిపించుకోలేదు. ఒక చెంచా వేసింది. రెండో చెంచా. కళ్ళజోడు తీసి అతని మొహంలోకి చూస్తూ మూడోది. చూపు తిప్పకుండానే నాలుగోది.

“మా షెడ్డులో అందరికీ ఇదే పెడతాను,” అంది. “మొదటి రోజునుంచీ ఇదే అలవాటు.”

నత్త కప్పు అందుకున్నాడు. ఇంతేనా, అనుకున్నాడు. ఆ ఇల్లు, ఆ తండ్రి, ఆ చేదు టీ, అన్నీ ఇంతేనా. వెక్కిరించడానికే ఇలా చేసిందనిపించింది. తిడితే పడేవాడు, పట్టిస్తే ఒప్పుకునేవాడు. ఈ వెక్కిరింపు మాత్రం ఓర్చుకోలేకపోయాడు. తాగకపోతే కాపలావాడు అనుమానిస్తాడు. పాకంలాంటి ఆ టీని గటగట తాగి, కప్పు పెట్టేసి, కుంటుకుంటూ బయటికి వచ్చేశాడు. ఆమె చేతిని తాకేంత దగ్గరలో నిలబడి, తాకకుండా వచ్చేశాడు.

*

మెషిన్ మట్టిని మింగి పని మొదలుపెట్టింది. తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమనుంచి కుడికి పాకుతోంది. గీత చివరిదాకా చదునుగా ఉంటే మట్టి శుభ్రం. ఎక్కడైనా శిఖరంలా లేస్తే విషం. అధికారిణి సర్టిఫికెట్ కాగితం బల్ల మీద పెట్టి, సీలు పక్కన పెట్టింది. లారీల డ్రైవర్లు సీట్లలో ఎక్కి కూర్చున్నారు.

గీత చదునుగా పాకుతోంది.

“పెన్ను పెట్టావా?” చెవిలో డాక్టరు. “పెడితే దగ్గు.”

నత్త దగ్గాడు.

“అయితే కొరుకు. ఇక ఆలస్యం చేస్తే సీలు పడిపోతుంది.”

నత్త షెడ్డు వైపు చూశాడు. మూసిన తలుపు, కిటికీలో ఆకుపచ్చ పట్టు కదలడం కనిపించింది.

“కొరుకు. ఇది ఆర్డర్.”

అతను పళ్ళు బిగించబోయాడు. సరిగ్గా అప్పుడు కొత్త క్యాప్ కిందికి జారిన తీపి నరానికి తగిలింది. దవడనుంచి కణత దాకా పోటు దూసుకుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచేశాడు. నాలుక మీద ఇంకా పంచదారే.

అందరికీ ఇదే పెడతాను. మొదటి రోజునుంచీ.

ఆ మాట తనకు చెప్పింది. టీ గురించి కాదు. డ్రమ్ముల్లో చిక్కగా, తెల్లగా ఉన్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆమె వాటిని విషం మీద పెంచలేదు. పంచదార మీద పెంచింది. తరాల తరబడి తీపి తిని, మూట దించేసి, పని మర్చిపోయిన బాక్టీరియాని డ్రమ్ములకొద్దీ ఈ నేల మీద చల్లింది. మట్టిలో విషం ఎక్కడిదక్కడే ఉంది. ఆ మాట అర్థమయ్యే మనుషులు లోకంలో ఇద్దరే. ఒకాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండోవాడు పళ్ళు బిగించి ఆమెను కాల్చబోయాడు.

లేదా ఇదంతా తన ఆశేనేమో. అది నిజం కాకపోతే సీలు పడుతుంది, లారీలు వెళ్తాయి, వంతెనలు పోతాయి. ఆధారం నాలుగు చెంచాల పంచదార.

“నత్తా, వినపడుతోందా? కొరుకు.”

నత్త వినికిడి మెషిన్ తీసి జేబులో వేసుకున్నాడు.

గీత చదునుగా పాకింది. అధికారిణి సీలు చేతిలోకి తీసుకుంది. గీత తెర చివరికి చేరబోతూ, చిన్నగా వణికి, లేచింది. నిలువుగా తెర పై అంచుదాకా లేచింది. దాని పక్కనే ఇంకొకటి లేచింది.

“డైనైట్రో,” అంది అధికారిణి. “ట్రైనైట్రో కూడా. నేలంతా నిండి ఉంది.” సీలుని తిరిగి పెట్టెలో పెట్టేసింది. “లారీలు కదలడానికి వీల్లేదు.”

పూలచొక్కా పారిపోలేదు. అది చూసే నత్తకు భయం వేసింది. అతను బల్ల దగ్గర పడున్న తాపీని, నత్త వేళ్ళకి అంటిన మట్టిని చూశాడు. తర్వాత షెడ్డు వైపు తిరిగి, తొందర లేకుండా, మర్యాదగా నడిచాడు.

నత్త లేవబోయాడు. అప్పుడే పూలచొక్కా మనుషులు మట్టి డబ్బాల పెట్టె మీదకి దూకారు. నమూనా లేకపోతే తెర మీది గీతకి విలువ లేదు, మెషిన్ చెడిందంటే సరిపోతుంది. తనిఖీవాళ్ళ కాపలాదారులు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. నత్త పెట్టెను కడుపు కింద వేసుకుని నేల మీద పడ్డాడు. వీపు మీద, తల మీద బూటుకాళ్ళు పడుతున్నాయి. ఎప్పుడూ పరిగెత్తని మనిషికి ఆ క్షణంలో పరిగెత్తాలని ఉంది. పరిగెత్తితే పెట్టె పోతుంది. పెట్టె పోతే ఆమె ఇన్నాళ్ళూ చేసింది పోతుంది.

షెడ్డులోంచి ఒక్క తుపాకీ చప్పుడు వినిపించింది. అతను పెట్టెను వదల్లేదు. ఆ సంగతికి అతన్ని అందరూ మెచ్చుకున్నారు. అతను మాత్రం తనని ఎప్పటికీ మెచ్చుకోలేకపోయాడు.

కాపలాదారులు వచ్చి అందరినీ లాగేశాక, పూలచొక్కా చేతులకి బేడీలు పడ్డాక, నత్త షెడ్డులోకి వెళ్ళాడు. ఆమె డ్రమ్ముల పక్కన పడి ఉంది. ఎత్తు మడమల చెప్పులు విప్పి ఒక మూల పెట్టుకుంది. తండ్రి ల్యాబ్‌లో కూడా వట్టి కాళ్ళతో తిరిగి రోజూ తిట్లు తినేది. నత్త ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పాదాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

పెన్ను బల్ల మీద లేదు. ఆమె తెల్ల కోటు జేబులో, గుండె దగ్గర ఉంది. అంటే చూసింది. అది ఏమిటో తెలిసే తీసి జేబులో పెట్టుకుంది. అతను కొరికితే ఏమవుతుందో తెలిసి, పంచదార వేసి, ఇక అతని ఇష్టానికి వదిలేసింది.

ఆ పెన్ను మంట అందనంత దూరంలో, కిటికీ బయటి గట్టు మీద, తడిబట్ట చుట్టిన చిన్న ఫ్లాస్కు ఒకటి కనిపించింది. అందులో లేత పసుపు నీళ్ళు.

*

మామగారు కూతురి కార్యాలన్నీ పూర్తిచేశాడు. ఆ తర్వాత ఫ్లాస్కులోంచి ఒక చుక్క, డ్రమ్ములోంచి తెచ్చిన నమూనాలోంచి ఒక చుక్క తీసి, వేరువేరు పళ్ళాల్లో గీతలు గీసి, వెచ్చటి పెట్టెలో పెట్టాడు. అవి పెరిగేదాకా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు.

డ్రమ్ము పళ్ళెంలో తెల్లటి చుక్కలు లేచాయి, లావుగా, జిగురుగా. ఇండోల్ చూపించినా తెల్లగానే ఉండిపోయాయి.

“మేసి బలిశాయి,” అన్నాడు పెద్దాయన. “పని మర్చిపోయాయి.”

ఫ్లాస్కు పళ్ళెం తీశాడు. చుక్కలు చిన్నవి, బక్కవి. మొత్తం నీలం, షెడ్డులో పూలచొక్కాకి చూపించిన పళ్ళాల్లోలాగే. పెద్దాయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

“దీనికి పంచదార పెట్టలేదు. కొంచెం కొంచెంగా విషమే పెట్టింది, ఒక్క రోజు తప్పకుండా. అంతమంది మధ్య, వాళ్ళ కళ్ళు గప్పి.” ఆయన అల్లుడి వైపు తిరిగాడు. “అది ఇల్లు వదిలి వెళ్ళే ముందురోజు ఇద్దరు మనుషులు నా దగ్గరికి వచ్చారయ్యా. ట్యూబులతో పాటు నన్ను కూడా రమ్మన్నారు, రాకపోతే లాక్కెళ్తామన్నారు. పొమ్మన్నాను. అది తలుపు వెనక నిలబడి విన్నది. తెల్లారేసరికి అదీ లేదు, ట్యూబులూ లేవు. నేను కాదన్న బేరానికి నా కూతురు ఒప్పుకుందనుకున్నాను. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. నీక్కూడా.”

నత్త కూడా చెప్పవలసినది చెప్పాడు.

“మామయ్యా, నేను అక్కడ మట్టి వాసన చూశాను. మర్చిపోయి చూశాను. అది చూసే ఆ మేనేజరు కనిపెట్టాడు.”

పెద్దాయన నీలం పళ్ళేన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“వాసన చూడమని నేర్పింది నేనే కదయ్యా,” అన్నాడు.

తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. ఏడ్చాక పెద్దాయన లేచి, ముక్కు తుడుచుకుని, ఫ్లాస్కులో చిటికెడు విషం వేసి షేకర్ మీద పెట్టాడు. దానికి ఆకలేస్తుంది.

కొన్నాళ్ళకి ఫ్యాక్టరీ నేలను శుభ్రం చేసే పని ప్రభుత్వం ఆయనకే అప్పగించింది. ఆ ఫ్లాస్కునుంచి పెంచిన బాక్టీరియానే పోశారు. పసుపు పచ్చగా ఉన్న నేల మెల్లమెల్లగా మామూలు మట్టి రంగుకి తిరిగింది. నత్త వెళ్ళి చిటికెడు తీసి వాసన చూశాడు. బతికే ఉంది.

*

“ఇంకా రాని పన్ను” అని చెప్పి నత్త మళ్ళీ ఆ కుర్చీలో పడుకున్నాడు. ట్రాన్స్‌మిటర్ తీసేయించుకోవడానికి ఇన్నాళ్ళకి తీరిక దొరికింది.

“మీ ఆవిడకి పతకం ఇస్తున్నారు,” అన్నాడు డాక్టరు, అద్దం నోట్లో పెట్టకముందే. ఈసారి సమాధానం కావాలనుకున్నట్టుంది. “ఫైలులో ఎవరి తరఫున పనిచేసిందో రాయాలి. మనం పంపలేదు. ఏం రాయమంటావు?”

“మా ఇంటి తరఫున అని రాయండి.”

డాక్టరు తల ఊపి, అద్దం పెట్టాడు. క్యాప్ తీశాడు. చుట్టూ చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఇదేంటయ్యా, ఆ పక్కవీ పుచ్చాయి, ఈ పక్కవీ పుచ్చాయి. టీలో పంచదార ఎన్ని చెంచాలు?”

నత్త నాలుగు వేళ్ళు చూపించాడు.

“మానెయ్. ఇది ఆర్డర్.”

నత్త తల అడ్డంగా ఊపాడు. ఉద్యోగంలో చేరాక డాక్టరు గారి ఆర్డర్‌ని అతను కాదనడం అది రెండోసారి.